ఈమ్ గ్రామం, దాని చర్చి: ప్లేగు కథలో చరిత్ర ఎంత?

ప్రశ్న (షెఫీల్డ్ వాసి)

నమస్కారం. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ గ్రామానికి గత వారం వెళ్లి వచ్చాను. సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ ఉంది. కాండంలో ఒక ముక్క ఎప్పుడో పోవడంతో తల కిందికి జారి కూర్చున్నట్టు కనిపిస్తుంది గాని, చెక్కిన లతలు ఇప్పటికీ తెలుస్తున్నాయి. దానికి దగ్గరలోనే 1666 ఆగస్టు 25న ప్లేగుతో పోయిన రెక్టర్ (చర్చి ప్రధాన పాస్టర్) భార్య క్యాథరిన్ మాంపెసన్ సమాధి. జబ్బు బయటికి పాకకుండా ఎవరూ ఊరు దాటకూడదని ఊరంతా తనకు తానే కట్టడి వేసుకుందని అక్కడ చెబుతారు. ఇది ఎంతవరకు నిజం? అందులో చర్చి పాత్ర ఏమిటి?

జవాబు 1 (పాత దస్తావేజు)

1665లో లండన్ నుంచి ఆ ఊరి దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చిందని, తడిసిన గుడ్డను మంట దగ్గర ఆరబెట్టిన దర్జీ సహాయకుడు జార్జ్ వికర్స్ మొదట చనిపోయాడని చెబుతారు. సెప్టెంబరు 7న అతన్ని పాతిపెట్టినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. చలికాలంలో తగ్గిన జబ్బు మరుసటి వేసవిలో విజృంభించింది. అప్పటి రెక్టర్ విలియం మాంపెసన్ ఊరికి కొత్తవాడు, మీదుమిక్కిలి ఊరివాళ్లు ఇష్టపడి తెచ్చుకున్నవాడు కాదు. ఆయనకు ముందున్న థామస్ స్టాన్లీ, అన్ని చర్చిల్లో ఒకే ప్రార్థనా పుస్తకం వాడాలన్న 1662 నాటి ఏకరూప ఆరాధన చట్టానికి తలవంచనందుకు పదవి పోగొట్టుకున్న ప్యూరిటన్ (ఆరాధనలో ఆడంబరాలు వద్దనే ప్రొటెస్టెంట్ వర్గంవాడు). జనం మాట వినేది స్టాన్లీదే. వైరి పక్షాలవాళ్లయిన ఆ ఇద్దరూ 1666 జూన్‌లో ఒక్కమాట మీద నిలిచారు కాబట్టే కట్టడి సాధ్యమైందని నా అభిప్రాయం. చర్చి తలుపులు మూసి, కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట ఆరాధన జరిపారు. శవాలను ఎవరివాళ్లు వాళ్లే తమ పొలంలోనో పెరట్లోనో పాతిపెట్టుకోవాలన్నారు.

జవాబు 2 (కొండదారి)

స్టోనీ మిడిల్టన్ వైపు దారిలో సరిహద్దు రాయిని చూశారా? జబ్బు అంటకుండా దాని గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేస్తే, పొరుగూరివాళ్లు సరుకులు పెట్టి డబ్బు తీసుకెళ్లేవారు. ఆ గుంటల అంచులు ఇప్పుడు వేలికి నున్నగా తగులుతాయి. దగ్గర్లోని తన చాట్స్‌వర్త్ భవనం నుంచి డెవన్‌షైర్ ప్రభువు కూడా సరుకులు పంపాడు. రైలీ పొలంలో ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ ఒంటిచేత్తో పూడ్చింది. ఆ సమాధుల దగ్గర నిలబడి కింద లోయను చూస్తే నోట మాట రాదు.

జవాబు 3 (లెక్కల మనిషి)

కథను కొంచెం తగ్గించి చెప్పుకోవాలి. మృతులు సుమారు 260 మంది అన్నది రిజిస్టరుకు దగ్గరగానే ఉంది. కానీ ఊళ్లో ఉన్నదే 350 మంది అన్న పాత మాట నిలబడదు. జనాభా 700 పైమాటేనని ఇప్పటి అంచనా. ఉన్నవాళ్లలో కొందరు ముందే ఊరు దాటారు, మాంపెసన్ సైతం తన ఇద్దరు పిల్లలను బయటికి పంపేశాడు. సీసం గనుల్లో పనిచేసుకునే పేదలకు పోవడానికి వేరే చోటేదీ? "స్వచ్ఛందం" అన్న మాట వాళ్ల విషయంలో ఆచితూచి వాడాలి.

షెఫీల్డ్ వాసి

లెక్కల మనిషి గారూ, మీ మాటతో ఏకీభవిస్తాను, అయితే వెళ్లగలిగీ ఆగినవాళ్లు ఉన్నారు కదా, క్యాథరిన్ అలాంటిదే. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలో స్మారక ఆరాధన జరుగుతుందట. ఈసారి ఆ రోజే వెళ్లి, కొండదారి గారు చెప్పిన రాయి దగ్గర నుంచి నడుస్తాను.