చేపలు పట్టే పోల్ ఎలాస్టిక్‌కి కనెక్టర్ ముడి ఆగుతలేదు, ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి

మూసీ_ఒడ్డు: అన్నలూ, పొద్దున పదింటి నుంచి ఇదే పని మీద కూసున్న, ఇప్పుడు మూడున్నర, అన్నం గూడ తినలే. కనెక్టర్ల (ఎలాస్టిక్‌కి గాలం దారం తగిలించే చిన్న ముక్క) ఎలాస్టిక్ దూర్చి ముడేసి గుంజితే ముడి సర్రున జారి బయటికొస్తది, ఇంకో చుట్టు వేసి పెద్దగ కడితే పైన మూత దాని మీదికి ఎక్కది. కోసి కోసి ఎలాస్టిక్ జానెడు తగ్గింది. రేపు తెల్లారి బావతోని చెరువుకి పోవాలె. ఏం తప్పు చేస్తున్ననో సమజైతలేదు.

కొక్కెం: ఫోటో పెట్టు. సైజెంత?

వెదురుకర్ర: తమ్ముడూ, ఇదంతా ఎందుకు చెప్పు. మంచి వెదురు బొంగు తెచ్చి నీడలో ఆరబెట్టుకుంటే దాని కొస వంగడమే నువ్వు చెప్పే ఎలాస్టిక్ పని చేస్తది. తంగూస్ దారం కొసకి మాత్రమే కట్టొద్దు, కర్ర మధ్య దాకా చుట్టుకుంటూ వచ్చి అక్కడ గూడ ఒక ముడి వెయ్యి, అప్పుడు కొస విరిగినా బొచ్చె చేప నీ చేతిలోనే ఉంటది. మా నాయిన నాకు మొదట నేర్పింది ఇదే.

మూసీ_ఒడ్డు: బాబాయ్, కర్ర గురించి అడగలే. ఇది పదకొండు మీటర్ల కార్బన్ పోల్, రీల్ ఉండది, పై ముక్కల లోపల్నుంచి ఎలాస్టిక్ వచ్చి కొసన తెల్ల బుష్ నుంచి బయటికొస్తది, దానికి కనెక్టర్, కనెక్టర్‌కి మన దారం. బావ ఇంగ్లండ్ నుంచి తెచ్చిండు.

లైన్‌మన్_అంకుల్: కార్బన్ అన్నారు కాబట్టి అడ్డొస్తున్నాను, ఏమనుకోవద్దు. కార్బన్‌లో కరెంటు బాగా పారుతుంది. పదకొండు మీటర్ల పోల్ నిలువుగా ఎత్తారంటే చెరువు గట్టు మీద పోయే 11 కేవీ తీగలకి అందేస్తుంది. తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, దూకుతుంది. ఇంగ్లండ్‌లో తీగలకి 30 మీటర్ల లోపు గాలం వెయ్యొద్దని చెప్తారు. ఉరిమితే పోల్ కింద పెట్టేసి దూరంగా రండి. సర్వీసులో ఇలాంటివి చూశాను, అందుకే చెప్తున్నా.

కొక్కెం: ఇంతకీ సైజు చెప్పలే.

ముడి_విప్పు: ఒక్కటి చూడండి. ఎలాస్టిక్ కొసని అడ్డంగా కోసి వెలుతురుకి పెట్టండి, మధ్యలో బొక్క ఉందా?

మూసీ_ఒడ్డు: ఉంది, సన్న పైపు లెక్క. 14 అని రాసుంది. కనెక్టర్ ప్యాకెట్ మీద 6 నుంచి 10 అని ఉంది. ఇవి గూడ చెప్పాల్నా?

ముడి_విప్పు: అదే మొదట చెప్పాల్సింది. మీది హాలో ఎలాస్టిక్, అంటే లోపల బొక్క ఉన్నది, కనెక్టరేమో బొక్క లేని సన్న సాలిడ్ దానికి చేసింది. హాలో సాగినప్పుడు బాగా సన్నబడుతుంది, దాంతో ముడి కూడా చిక్కిపోయి రంధ్రంలోంచి జారుతుంది. ఆ కనెక్టర్ పక్కన పెట్టి పెద్ద సైజుది తీసుకోండి, లేదంటే డాక్రాన్ (అల్లిన పాలిస్టర్ దారం) లూప్ కట్టుకోండి, నేనైతే హాలోకి డాక్రానే కడతాను. ముందు వరస చూసుకోండి: బుష్ నుంచి ఎలాస్టిక్ లాగి, చిన్న పూస ఎక్కించి, ప్లాస్టిక్ కనెక్టరైతే మూత కూడా ఎక్కించాకే ముడి, ముడేశాక మూత గుర్తొస్తే మళ్లీ కోతే. ముడి రెండు చుట్లు తిప్పి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించండి, పొడిగా లాగితే రబ్బరు రాసుకుని అక్కడే తెగుతుంది. తోక నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి, మొదలంటా కోసేయొద్దు. డాక్రాన్ లూప్‌ని మడిచి ఉచ్చులా చేసి, ముడికి లోపలి పక్కన, అంటే బుష్ వైపు, ఎలాస్టిక్ మీద బిగిస్తే ముడి దాన్ని దాటనివ్వదు. డాక్రాన్ రెండో కొసన చిన్న ముడి ఉంటుంది, మన దారం లూప్ కూడా అట్లాగే దాని వెనక కూర్చుంటుంది.

వెదురుకర్ర: దాన్ని ఉచ్చు అనరు, జారుముడి అంటరు. ఉచ్చు పిట్టలకి వేసేది.

ముడి_విప్పు: జారుముడి లాగితే విడిపోతుంది బాబాయ్, ఇది లాగేకొద్దీ బిగుస్తుంది.

వెదురుకర్ర: మా దిక్కు జారుముడి అంటే బిగిసేదే, బావి చేదకి కట్టేది అదే. ముడి పేరు తప్పు చెప్తే నేర్చుకునేటోడు తప్పు ముడి వేస్తడు, అందుకే చెప్తున్న.

కొక్కెం: రెండూ కాదు. లూప్‌లోంచి లూప్ తియ్యడం, అంతే.

మూసీ_ఒడ్డు: అన్నా, డాక్రాన్ లేదు. కొరమీనుకి వాడే బ్రెయిడ్ దారం ఉంది, నడుస్తదా?

ముడి_విప్పు: లావుదైతే రేపటికి నడుస్తుంది, సన్నదైతే రబ్బరుని కోసేస్తుంది. ఇంకోటి, కనెక్టర్‌ని బారెడు లాగి వదలండి, బుష్ దగ్గరికి మెల్లగా వచ్చి ఆనాలి. వేలాడితే ఎలాస్టిక్ పొడుగెక్కువ, టక్కున కొడితే మరీ బిగువు. జానెడు కోశానన్నారు కాబట్టి వెనక బంగ్ దగ్గర, అంటే పోల్ లోపల ఎలాస్టిక్ రెండో కొస కట్టే బిరడా దగ్గర, కొంచెం వదలాల్సి రావచ్చు.

వెదురుకర్ర: బావి చేద ముడి ఎట్లుంటదో చూసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

మూసీ_ఒడ్డు: ఆగిందన్నా. లావు బ్రెయిడ్ కట్టి గోడ మేకుకి తగిలించి గుంజిన, జారలే. బంగ్ దగ్గర గూడ కొంచెం వదిలిన. థాంక్స్. అన్నం తిననీకి పోతున్న.

లైన్‌మన్_అంకుల్: బాబూ, రేపు వెళ్లే చెరువు గట్టు మీద తీగలున్నాయా?