వామనగుంటల ఆటను పరిశోధన కోసం ఎలా రికార్డు చేయాలి?

ప్రశ్న (చింతపిక్క):
పీహెచ్‌డీ కోసం వామనగుంటలు ఆడే తీరు మీద ఫీల్డ్‌వర్క్ మొదలుపెట్టబోతున్నాను. 14 గుంటల పీట, గుంటకు 5 చింతపిక్కలు. ఒకే ఊళ్లో ఇద్దరిని అడిగితే రెండు రకాల రూల్సు చెబుతున్నారు. ఏది రాసుకోవాలి? వీడియో ఎలా తీయాలి? గేమ్ ఎక్స్‌పీరియన్స్ క్వశ్చనేర్ (ఆడినవాళ్లకు ఎలా అనిపించిందో అడిగే ప్రశ్నావళి) కూడా పెట్టమని గైడ్ అంటున్నారు. చివరగా, ఏ గుంటతో మొదలుపెడితే గెలుపో కంప్యూటర్‌తో తేల్చవచ్చా?

జవాబు (పీటచెక్క):
చెప్పిన రూలు వేరు, ఆడిన రూలు వేరు. రెండూ రాసుకోండి గానీ ఒకే కాలమ్‌లో కలపొద్దు.

ముందు ఆట తీయండి, రూల్సు తర్వాత అడగండి. పీటకు సరిగ్గా పైన ఒక ఫోన్, సెకనుకు 60 ఫ్రేములు. 30 అయితే చెయ్యి వేగంగా తిరిగేవాళ్ల వేళ్లు అలికినట్టు వస్తాయి. పై నుంచి చూస్తే అరచెయ్యి గుంటను కప్పేస్తుంది కాబట్టి పక్క నుంచి, పీట ఎత్తులో ఇంకో ఫోన్ పెట్టండి. పిక్క పడిన టక్కుమనే చప్పుడు దానిలో వినిపించాలి, లెక్కపెట్టడానికి చాలాసార్లు అదే దిక్కు. గెలుచుకున్న పిక్కలు ఒళ్లో వేసుకుంటే కెమెరాకు అందవు, ముందు ఒక పళ్లెం పెట్టండి. ముదురు రంగు పీట మీద చింతపిక్కలు కనిపించడం లేదని ప్లాస్టిక్ పూసలు ఇవ్వకండి, చెయ్యి తిరిగే తీరు మారిపోతుంది. పక్క నుంచి లైటు వేస్తే చాలు.

నొటేషన్: ఆడేవారి వైపు ఎడమ నుంచి కుడికి 1–7, అక్కడి నుంచి చుట్టూ తిరిగి ఎదుటివారి వైపు 8–14. అంటే 7కి ఎదురు 8, 1కి ఎదురు 14. గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేస్తూ వెళ్లి, చివరి పిక్క పడ్డాక పక్క గుంటలోవి తీసి కొనసాగించే పద్ధతిలో, మొదటి ఎత్తుగా (వంతుగా) 3 తీస్తే వరసగా తీసే గుంటలు ఇవి: 3, 9, 1, 7, 14. ఆఖరి పిక్క 6లో పడుతుంది, దాని పక్కనున్న 7 ఖాళీ, కాబట్టి ఆ ఖాళీ పక్కన 8లో ఉన్న 7 పిక్కలు గెలుపు. పీట మీద 63, పళ్లెంలో 7, మొత్తం 70. ప్రతి ఎత్తుకూ ఈ మొత్తం సరిచూడండి. 69 వచ్చిందంటే ఒక పిక్క ఎగిరి కింద పడింది, లేదా రెండు అంటుకుని ఒకే గుంటలో పడితే మీరు ఒకటే లెక్కపెట్టారు. తప్పు ఎక్కడో అప్పుడే పట్టుకోకపోతే ఆ తర్వాతి ఎత్తులన్నీ పనికిరావు.

అదే 3తో మొదలుపెట్టి, చివరి పిక్క పడిన గుంటలోవే ఎత్తే పద్ధతిలో ఆడితే రెండోసారి తీసేది 9 కాదు, 8. రెండు పద్ధతుల తేడా మొదటి ఎత్తులోనే బయటపడుతుంది.

జవాబు (గవ్వలసంచి):
పై జవాబుకు కొనసాగింపు. "రూలేంటండీ?" అని అడగొద్దు. పీట మీద పిక్కలు పేర్చి "ఇప్పుడు మీ వంతు, ఆడండి" అనండి. తప్పక పేర్చాల్సినవి:

పక్క గుంటా ఖాళీ, దాని పక్కదీ ఖాళీ. ఏమీ రాకుండా ఎత్తు ముగుస్తుందా?

3 పిక్కలున్న గుంటలో ఇంకోటి పడి 4 అయింది. అవి ఎవరివి? ఎత్తు మధ్యలోనే తీస్తారా, ఆఖర్నా? (పైవారి ఉదాహరణలో ఏ గుంటా నాలుగు దగ్గర ఆగలేదు, అందుకే ఒక్క ఎత్తు చూసి ఈ రూలు ఉందో లేదో చెప్పలేం.)

ఒక గుంటలో 14 పిక్కలు. పద్నాలుగోది బయలుదేరిన గుంటలోనే వేస్తారా, దాటేస్తారా?

తన వైపు అన్నీ ఖాళీ. వంతు పోతుందా, ఆట అయిపోతుందా?

రెండో ఆటకు ఒకరి దగ్గర 27 పిక్కలే ఉన్నాయి. ఐదు గుంటలు నిండాక మిగిలిన రెండూ ఏం చేస్తారు?

ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పదిమందిలో అడిగితే పెద్దావిడ ఏం చెబితే అదే అందరి మాట. జాగారం రాత్రి ఆటకూ, మీ కోసం మధ్యాహ్నం కూర్చుని ఆడే ఆటకూ కూడా తేడా ఉంటుంది. సమయం, సందర్భం తప్పకుండా నోట్ చేయండి.

జవాబు (ఎక్సెల్‌బాబు):
క్వశ్చనేర్ విషయంలో గైడ్‌గారితో ఒకసారి మాట్లాడండి. అది డిజిటల్ ఆటల కోసం తయారైంది. దాని ఏడు విభాగాలు డేటాలో సరిగ్గా విడిపోవడం లేదని 2018లో ఒక విమర్శ కూడా వచ్చింది. తెలుగులోకి మార్చి మన అమ్మమ్మలకు ఇస్తే అన్నింటికీ "బాగానే ఉందమ్మా" అనే వస్తుంది. దాని బదులు అదే రోజు వీడియో చూపించి "ఇక్కడ ఎందుకు ఆలోచించారు?" అని అడగండి. వీడియోల్లో ఐదో వంతును మీతో సంబంధం లేకుండా ఇంకొకరితో కోడ్ చేయించండి (అంటే చూసి ఎత్తులు రాయించండి), మీరు రాసినదానితో ఎంత కలిసిందో చెప్పకపోతే రివ్యూయర్లు ఊరుకోరు. ముఖాలు ఫ్రేములో వద్దు. యూట్యూబ్‌లో పెట్టాలంటే దానికి వేరే అనుమతి తీసుకోవాలి.

చింతపిక్క: కంప్యూటర్ సంగతి?

పీటచెక్క:
పూర్తిగా తేల్చడం జోలికి వెళ్లకండి. ఇదే జాతి ఆట అవారీని (12 గుంటలు, 48 గింజలు) 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తేల్చారు: దాదాపు 88,906 కోట్ల స్థితులు, ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా. మీ 14 గుంటలు, 70 పిక్కల పీట మీద పేర్పులు అంతకు రెండు వేల రెట్లు దాటతాయి. లూడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఊరి రూల్సు విడిగా రాసి, వేలకొద్దీ ఆటలు ఆడించి, ఆట నిడివినీ మొదటివారికి మొగ్గునూ పోల్చండి. ఎత్తుకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టడం మరవొద్దు. కొన్ని రూల్సు కలిస్తే ఎత్తు ఆగకుండా తిరుగుతూనే ఉండొచ్చు, అప్పుడు ప్రోగ్రాం రాత్రంతా ఒకే ఆట మీద కూర్చుంటుంది.