సొంత డిజైన్‌తో బొంత కుట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. మేం ఉండేది వైజాగ్‌లో, ఎంవీపీ కాలనీ. ఇన్నాళ్లూ వీడియోల్లో చూసిన ప్యాటర్న్‌లే కుడుతూ వచ్చాను. నైన్ ప్యాచ్, లాగ్ క్యాబిన్ రెండూ బాగానే చెయ్యి తిరిగాయి. ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తోంది, దానికి మన ఊరు కనబడేలా ఒక బొంత కుట్టి ఇవ్వాలని ఉంది. ఎవరి ప్యాటర్నూ కాకుండా పూర్తిగా నాదే అయి ఉండాలి. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ నీళ్లలోకి సాగి కనిపిస్తుంది కదా, అది కచ్చితంగా ఉండాలి. గీయడం వచ్చు, బొమ్మ గీసేశాను కూడా. కానీ ఆ బొమ్మని గుడ్డ ముక్కలుగా ఎలా విడగొట్టాలో తెలియట్లేదు. ముందు కొలతలు చూసుకోవాలా, రంగులా, లేక ఇంట్లో ఉన్న చీరలు చూసుకుని దాన్నిబట్టి వెళ్లాలా? మీ సొంత డిజైన్లు మీరు ఏ వరుసలో చేస్తారో చెప్పండి. సింగిల్ మంచం సైజు. సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా అయితే మరీ మంచిది.

భీమిలి పిన్ని:
సాఫ్ట్‌వేర్ ఎందుకమ్మా, చుక్కల ముగ్గు వేసే చెయ్యి ఉంటే చాలు. నేను చేసిన సొంత బ్లాకులన్నీ, అదే బొంతలో పక్కపక్కన కలిపి కుట్టే చదరాలన్నీ, ముగ్గుల్లోంచి వచ్చినవే. సరి చుక్కలు పెట్టి నిలువుగా, అడ్డంగా కలిపితే గళ్లు వస్తాయి, అదే మీ గ్రాఫ్. గళ్లలో మూల నుంచి మూలకి గీతలు గీస్తే ప్రతి గడీ రెండు త్రికోణాలవుతుంది, వాటిలో ఏది ముదురు ఏది లేత అని పెన్సిల్‌తో రుద్దుకుంటూ పోవడమే. ఒకే ముగ్గుని నాలుగు రకాలుగా రుద్ది చూడండి, నాలుగు వేరే బ్లాకుల్లా కనబడతాయి.

సందు చుక్కలైతే లెక్క మారుతుంది. 7 చుక్కలు పెట్టి 4 వచ్చేవరకు సందు చుక్క వేస్తే చుట్టూ గీసిన ఆకారం ఆరు పలకలు, లోపలన్నీ సమాన త్రికోణాలు. దాన్ని మామూలు గ్రాఫ్ మీద వెయ్యకండి, కుదరదు, ఐసోమెట్రిక్ గ్రాఫ్ అని స్టేషనరీ షాపులో అడగండి. మెలికల ముగ్గులు మాత్రం ముక్కలుగా కొయ్యడానికి పనికిరావు, వాటిని బొంత అంతా అయ్యాక పైన చేతి కుట్టుగా వెయ్యండి, ఎంత అందంగా ఉంటాయో.

ఇక కొలత. 12 అంగుళాల బ్లాక్ కావాలంటే 6 గళ్లు బై 6 గళ్లు తీసుకోండి, గడి 2 అంగుళాలు. నాలుగు వైపులా కుట్టుకి పావు అంగుళం వదలాలి కాబట్టి కోసేది రెండున్నర. త్రికోణాలున్న గడికి విడిగా త్రికోణాలు కొయ్యొద్దు. ముదురుది ఒకటి, లేతది ఒకటి 3 అంగుళాల చదరాలు కోసి, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కత్తిరించండి. రెండు గళ్లు వస్తాయి, వాటిని రెండున్నరకి సరిచేసుకోండి. ఐమూల గుడ్డ సాగుతుంది, అందుకే ఈ పద్ధతి.

సూదీ దారం:
పిన్నిగారు చెప్పింది బ్లాకులకి చాలా బాగుంది. కానీ కొండ, సముద్రం లాంటి దృశ్యానికి నేనైతే ముందు లేత ముదురు తేల్చుకుంటాను, రంగు ఆ తర్వాతే. ఎందుకంటే దూరం నుంచి చూసినప్పుడు కొండని నీళ్ల నుంచి విడదీసి చూపించేది నీలమో పచ్చో కాదు, ఎంత ముదురు అన్నదే. అనుకున్న గుడ్డలన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడండి. రెండు గుడ్డలు ఒకే బూడిద రంగులో కనబడితే, అవి మామూలుగా ఎంత వేరుగా ఉన్నా, పక్కపక్కన పెడితే కొండ అంచు మాయమైపోతుంది.

తర్వాత బొమ్మని తగ్గించండి. చెట్లు, లైట్‌హౌస్, పడవలు అన్నీ ఇప్పుడు వదిలెయ్యండి, ఆకాశం, కొండ, నీళ్లు, ఇసుక ఈ నాలుగే. కొండ అంచుని వంపుగా కాకుండా చిన్న చిన్న సరళరేఖలుగా గియ్యండి. ఒక్కో విరుపు దగ్గర నుంచి నిలువు గీత దించితే దృశ్యమంతా నిలువు పట్టీలవుతుంది. ఒక్కో పట్టీలో ప్రతి గీత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లాలి, మధ్యలో ఆగిపోయే గీత ఉంటే మిషన్ మీద కుట్టేటప్పుడు ఏడిపిస్తుంది. నీళ్లకి అడ్డపట్టీలు చాలు, కొండ దగ్గర సన్నగా, ఇసుక వైపు వచ్చేకొద్దీ వెడల్పుగా వేస్తే లోతు దానంతటదే వస్తుంది.

పట్టీలు కాగితం మీద కుట్టే పద్ధతిలో చెయ్యండి, అంటే పట్టీ గీసిన కాగితం వెనక గుడ్డ ముక్కలు పెట్టి గీతల మీద కుట్టి, చివర్లో కాగితం చింపెయ్యడం. గీతలున్న వైపు మిషన్ నడుస్తుంది, గుడ్డ వెనక వైపు ఉంటుంది. అంటే కుట్టాక బొమ్మ తిరగబడుతుంది. కాబట్టి ముందే అద్దంలో చూసినట్టు తిప్పి గియ్యాలి, లేకపోతే మీ డాల్ఫిన్స్ నోస్ ఎడమవైపుకి పోతుంది! కుట్టు చిన్నది పెట్టుకోండి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, కాగితం సులువుగా చిరుగుతుంది.

గళ్ల చీర:
నా దారి వేరండి. నేను కాగితం ముట్టుకోను, చీరలు ముందు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక ఊరు, అక్కడి ఆడవాళ్లు పాత పని బట్టలతో ఏ ప్యాటర్నూ లేకుండా కుట్టుకున్న బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు, 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. వాళ్లు హౌస్‌టాప్ అనేదాంట్లో మధ్యలో ఒక ముక్క పెట్టి చుట్టూ పట్టీలు వేస్తూ బయటికి పోతారు. మన పక్కన కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కవంది అనే బొంత కుట్టేది సరిగ్గా దీనికి ఎదురు, అంచుల దగ్గర మొదలుపెట్టి ముక్కలు మడిచి పెట్టుకుంటూ, చిన్న చిన్న చేతి కుట్లతో గుండ్రంగా తిరుగుతూ మధ్యకి చేరతారు. రెండింట్లోనూ తరవాతి ముక్క ఏదో ముందు ముక్కే చెబుతుంది. లెక్క తప్పు అని కాదు, కానీ ఎవరిదీ కాని డిజైన్ కావాలంటే చేతిలో ఉన్న గుడ్డని చూసి నిర్ణయించడం కంటే దగ్గర దారి నాకు కనబడలేదు. మీ నీళ్ల భాగం వరకైనా అలా చేసి చూడండి.

ఒక పాత ఫ్లానెల్ దుప్పటి గోడకి బిగించండి, నూలు ముక్కలు దానికి అంటుకుని ఉంటాయి, పిన్నులక్కర్లేదు. ఒక రాత్రి అలా వదిలి పొద్దున్నే చూస్తే ఏ ముక్క నప్పలేదో కన్ను పట్టేస్తుంది.

ఉప్పుగాలి:
ముగ్గురికీ ఎంత థాంక్స్ చెప్పినా చాలదు. అయితే దృశ్యం, ముగ్గు బ్లాకులు రెండూ పెట్టాలనిపిస్తోంది. సైజు ఎలా పంచుకోవాలి? మా దగ్గర ఉన్నవి బాగా వాడిన నూలు చీరలు, కోస్తుంటే జారిపోతున్నాయి.

సూదీ దారం:
60 బై 84 అనుకోండి, అంటే 12 అంగుళాల బ్లాకులు అడ్డంగా 5, నిలువుగా 7. పైన మూడు వరసల చోటు మొత్తం దృశ్యానికి ఇచ్చెయ్యండి, 60 బై 36 వస్తుంది. కింద నాలుగు వరసలు ముగ్గు బ్లాకులు, 20 అవుతాయి. చుట్టూ 3 అంగుళాల అంచు వేస్తే 66 బై 90. దృశ్యాన్ని ముందు కాగితం మీద 10 బై 6 అంగుళాల్లో గీసి, అంగుళం గళ్లు వేసి, చార్ట్ పేపర్లు అతికించి వాటి మీద 6 అంగుళాల గళ్లు వేసుకుని గడికి గడి పెంచండి.

భీమిలి పిన్ని:
చీరలు ఉతికి, చిక్కటి గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. కాగితంలా నిలబడుతుంది, కత్తెర జారదు, ఐమూల కూడా సాగదు. పలచబడి వెలుతురు కనబడే చోట్లు మాత్రం వాడొద్దు, కొంగు, అంచు పక్క భాగమే గట్టిగా ఉంటుంది. ముందు ఒక్క బ్లాక్ మొత్తం కుట్టి స్కేలుతో కొలవండి, చుట్టూ కుట్టుకి వదిలిన పావు అంగుళంతో కలిపి పన్నెండున్నర వస్తేనే మిగతావి కొయ్యండి.