ఖాళీ బడి భవనాలు: అద్దెకివ్వాలా, అమ్మాలా, కూల్చాలా?

కొత్తకమిటీ:
మా ఊరి బడిని పక్క బడిలో కలిపేశాక రెండు భవనాలు ఖాళీగా మిగిలాయి. ఒకటి ఎనిమిది గదుల మేడ, రెండోది రేకుల షెడ్డు. గ్రంథాలయం పెడదామని కొందరు, అమ్మేద్దామని కొందరు. మూడు నెలల్లో తీర్మానం చెయ్యాలి. ముందు ఏం చూసుకోవాలి?

దస్తావేజు:
ముందు స్థలం కాగితాలు తియ్యండి. బడి స్థలం దానంగా వచ్చినదైతే, దానపత్రంలో "విద్య కోసం మాత్రమే" అనో, బడి మూతపడితే దాత వారసులకు తిరిగి చెందుతుందనో రాసి ఉండొచ్చు. ఉంటే అమ్మకం మాట అక్కడితో సరి. గ్రాంటుతో కట్టిన గదులైతే ఆ షరతులూ చదవాలి.

తర్వాత పిల్లల లెక్క. ఇప్పటి హాజరు పట్టిక దీనికి పనికిరాదు. చుట్టుపక్కల అయిదేళ్లలోపు పిల్లల జనన నమోదు తీస్తే రాబోయే అయిదేళ్ల ఒకటో తరగతి కళ్లముందే ఉంటుంది. దానికి కొత్త ఇళ్లు, వలసలు కలిపి చూడండి. పెరిగేలా ఉంటే అమ్మొద్దు. మూడు నుంచి అయిదేళ్ల లీజు, ఏడాది నోటీసుతో ఖాళీ చేసే షరతు చాలు.

పిట్టగోడ:
గ్రంథాలయం అన్నారు గనక ఒక మాట. తరగతి గది స్లాబును మామూలుగా చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువుకే లెక్కకడతారు. పుస్తకాల బీరువాలు వరసగా పెట్టే గదికి దానికి రెట్టింపో, అంతకంటే ఎక్కువో కావాలి. పుస్తకాలు కింద, చదువుకునే బల్లలు పైన పెట్టుకోండి.

స్లాబు అడుగున సుత్తితో తట్టుకుంటూ పొండి. డొల్ల మోత వచ్చినచోట పెచ్చు విడిపోయినట్టే. అక్కడ కాంక్రీటు కొత్తగా విరిచి ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే రసాయనం) చల్లండి. గులాబీ రంగు రాని మేర క్షారగుణం పోయింది. ఆ లోతు లోపలి ఇనుప కమ్మీ దాకా వెళ్తే తుప్పుకు అడ్డు లేనట్టే. పైన ప్లాస్టరింగ్ చేసినా మళ్లీ ఊడుతుంది. సున్నం వేసి చూపించే గదులనే ముందు తట్టండి!

రేకులు ఆస్బెస్టాస్ అయితే పగలగొట్టొద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించాలి. ఈ ఖర్చు కలపకుండా కూల్చివేత టెండరు పిలిస్తే మధ్యలో పని ఆగిపోతుంది.

తాళంచెవి:
ఆ మూడు నెలలు భవనాన్ని ఎవరు చూస్తారో కూడా తేల్చుకోండి. ఖాళీ మేడను ముందు చెడగొట్టేది ఆకులతో పూడిపోయిన డాబా మీది వాననీరు పోయే గొట్టం. నీరు నిలిచి స్లాబులోకి దిగుతుంది. పదిహేను రోజులకోసారి, పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా, ఎక్కి చూడాలి. మరుగుదొడ్ల ట్రాపుల్లో (వాసన పైకి రాకుండా నీరు నిలిచి ఉండే వంపు గొట్టాల్లో) నీరు ఎండితే మురుగు వాసనా పురుగులూ పైకొస్తాయి. తలా ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. కిటికీలన్నీ బిగించేస్తే లోపల బూజు పడుతుంది, జాలీ కొట్టి గాలి ఆడనివ్వండి.

బీమా పత్రం కూడా చదవండి. 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే చాలా పాలసీల్లో రక్షణ తగ్గిపోతుంది. ముందే రాతపూర్వకంగా తెలపాలి.

కొత్తకమిటీ:
అద్దెకిస్తే మరమ్మతులు ఎవరివండీ?

దస్తావేజు:
కప్పు, గోడలు, పునాది మీవి. తలుపులు, వైరింగు, కుళాయిలు వాళ్లవి అని ఒప్పందంలో విడివిడిగా రాయండి. తాళాలిచ్చే రోజున గదిగదికీ ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. చిన్నపిల్లల కొలతకు పెట్టిన మరుగుదొడ్లు మార్చే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయండి.