పెళ్లిరోజు డిన్నర్‌కి వైన్: చేపతో రెడ్ తాగితే కొంప మునుగుతుందా?

మొదటిగుటక:
వచ్చే శనివారం మా పదో పెళ్లిరోజు. ఈసారి బయటికి వెళ్లకుండా ఇంట్లో నేనే వండి పెడదామనుకుంటున్నా. సాల్మన్ చేప వెన్నలో వేయించి, పక్కన ఆస్పరాగస్ కాడలు, చివర్లో డార్క్ చాక్లెట్ కేక్. మా ఆవిడకి రెడ్ వైన్ ఇష్టం. నాకేమో ఓనమాలు కూడా రావు. ఒక సీసా చాలా, రెండు కావాలా? ఎంత ముందు మూత తీయాలి? టేబుల్ మీద సువాసన కొవ్వొత్తులు పెడితే బాగుంటుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సగంగ్లాసు:
కళ్లు మూసుకుని పినో న్వార్ తీసుకోండి, తేలికపాటి రెడ్ వైన్. వగరు తక్కువ, సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ, రెండూ సర్దుకుపోతాయి. కాబెర్నే సావిన్యోన్ అనే వగరెక్కువ రెడ్ జోలికి మాత్రం పోవద్దు. పెళ్లికి ముందు ఒకమ్మాయిని డిన్నర్‌కి పిలిచి, తెల్ల చేపతో అదే పోశాను. ముద్ద ముద్దకీ నోట్లో ఇనప మేకు చప్పరిస్తున్నట్టుంది. పాపం మర్యాదగా చేపని పక్కకి జరిపి, బ్రెడ్ తిని వెళ్లిపోయింది. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ, పినోని ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

ఎర్రద్రాక్ష:
రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కూడా తయారయ్యారా! రెడ్ అంటే గది ఉష్ణోగ్రత. ఇందులో చర్చకేముంది? చల్లబడితే వగరు పైకి తేలుతుంది, వాసన లోపలే చచ్చిపోతుంది. నేను వైన్ కోర్సు చేసి పరీక్ష పాసైనవాణ్ణి, ఊరికే చెప్పట్లేదు.

చల్లగాలి:
ఏ గది సార్? ఆ మాట పుట్టింది హీటర్లు లేని రాతి ఇళ్ల కాలంలో. అప్పటి గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మా హాల్లో 28 ఉంటుంది. గ్లాసులో థర్మామీటర్ పెట్టి మరీ చూశాను, మీరు నవ్వినా సరే. 26 దగ్గర వాసన చూస్తే పండు లేదు, పూవు లేదు, స్పిరిట్ సీసా మూత తీసినట్టు ముక్కులోకి కొట్టింది. అదే సీసా 15కి దించాక చెర్రీ పండు వాసన. మీ కోర్సులో థర్మామీటర్ ఇవ్వలేదా?

ఎర్రద్రాక్ష:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. టానిన్ గురించి, అదే ఆ వగరు గురించి, నేను చెప్పింది తప్పని నిరూపించండి చూద్దాం.

చల్లగాలి:
తప్పని ఎవరన్నారు? కాబెర్నేకి అది నిజమే. 10 డిగ్రీల్లో తాగితే పచ్చికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. కానీ ఆయన కొనబోయేది పినో. దాంట్లో పట్టేసేంత టానిన్ ఎక్కడుంది? 13, 14 డిగ్రీలు చాలు. మీరు పాఠం బట్టీ పట్టారు, సీసా మీద పేరు చదవలేదు.

మాడినగిన్నె:
మీ డిగ్రీల గోల మీరు పడండి గానీ, మొదటిగుటక గారూ, ఫ్రిజ్ అన్నారని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. నేను తొందరపడి వైట్ వైన్‌ని ఫ్రీజర్‌లో తోసి, వంటలో పడి మర్చిపోయాను. రెండున్నర గంటల తర్వాత తలుపు తీస్తే కార్క్ బయటికి తన్నుకొచ్చి ఉంది, వైన్ ఐస్ ట్రే మీద గడ్డకట్టింది. ఈలోగా పొయ్యి మీద సాస్ మాడింది. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. త్వరగా చల్లబడాలంటే బకెట్లో సగం ఐస్, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాని మెడ దాకా ముంచండి. పావుగంట చాలు. ఉత్తి ఐస్ వేస్తే మధ్యలో గాలి ఉంటుంది, సీసాకి సరిగ్గా తగలదు.

మొదటిగుటక:
థాంక్స్ అండీ. కొవ్వొత్తుల సంగతి ఎవరూ చెప్పలేదు. సీసాల లెక్క కూడా.

సగంగ్లాసు:
750 మి.లీ. సీసాకి 150 చొప్పున ఐదు గ్లాసులు. ఇద్దరికి ఒకటి చాలు, వంట చేస్తూ మీరు లాగించకపోతే.

తెల్లారిందిలే:
అందరూ చేప దగ్గరే ఆగిపోయారు. కొంప ముంచేది కేక్ అండీ! మా ఆవిడ పుట్టినరోజున తీపి బాగా తక్కువుండే బ్రూట్ షాంపేన్ తెచ్చాను. కేక్ ముక్క తిని ఒక గుటక వేసింది, ముఖం నిమ్మచెక్క కొరికినట్టు అయిపోయింది. పాడైందేమో అంది. పాడవలేదు. నోట్లో కేక్ తీపి ఉంటే, వైన్‌లో ఉన్న కాస్త తీపీ తెలీదు, పులుపొక్కటే మిగులుతుంది. వైన్ ఎప్పుడూ కేక్ కంటే తియ్యగా ఉండాలి. డార్క్ చాక్లెట్‌కి పోర్ట్ అనే తియ్యటి వైన్ బెస్ట్. చిన్న సీసా తీసుకోండి, అది గుటకలుగా తాగేది.

ఇంకోటి, లేబుల్ చూసి మోసపోకండి. వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిదని. 'ఎక్స్‌ట్రా డ్రై' అంటే బ్రూట్ కంటే డ్రైగా ఉంటుందనుకుని నేను నాలుగేళ్లు కొన్నాను. ఉల్టా అండీ! బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. 'డెమీ సెక్' అంటే సగం డ్రై అని అర్థం, అందులో 32 నుంచి 50. ఈ పేర్లు పెట్టినవాడు దొరికితే రెండు మాటలు అడగాలి.

ఎర్రద్రాక్ష:
ఇవన్నీ బేసిక్స్. మళ్లీ చేపకి వద్దాం. చేపకి వైట్, మాంసానికి రెడ్ అని వందల ఏళ్లుగా అంటున్నారంటే ఊరికే అనరు. శిక్షణ పొందిన నాలుకకి తేడా ఇట్టే తెలుస్తుంది.

చల్లగాలి:
శిక్షణ పొందిన నాలుకా? ఫ్రాన్స్‌లోని బోర్డో యూనివర్సిటీలో వైన్ తయారీ చదువుకునే 54 మందికి వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. దాన్ని ఎక్కువగా రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో పేపర్ కూడా వచ్చింది. చదువుకోండి.

ఎర్రద్రాక్ష:
చదివాను. అక్కడ అడిగింది వాసన గురించి, రుచి గురించి కాదు. పైగా వాళ్లు విద్యార్థులు. సగం చదివి వాదనకి దిగడం మీకు అలవాటేమో.

చల్లగాలి:
మీరూ విద్యార్థే కదా సార్, నిన్నగాక మొన్న పరీక్ష రాశారు!

మాడినగిన్నె:
అయ్యా బాబూ, ఇద్దరూ ఒక గ్లాసు తాగి పడుకోండి.

రాత్రిడ్యూటీ:
సగంగ్లాసు గారి ఇనప మేకు ఉత్త పోలిక కాదు. జపాన్ పరిశోధకులు 2009లో సరిగ్గా అదే తేల్చారు. సముద్రపు తిండితో వైన్ తాగితే వచ్చే నీచు వాసనకి కారణం వైన్‌లో ఉండే ఇనుము. అది తక్కువున్న రెడ్ అయితే చేపతో పేచీ లేదు. చిక్కేమిటంటే, ఎంత ఇనుముందో లేబుల్ మీద రాయరు. అందుకని ముందురోజే రెండు గుటకలు చేపతో కలిపి చూడటం మంచిది. ఆస్పరాగస్ మాత్రం మార్చేయండి. అది ఏ రెడ్‌నైనా గడ్డి నమిలినట్టు చేస్తుంది. సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్ అయితే వేరే సంగతి.

నీళ్ళచెంబు:
ఇలాంటి చర్చల్లో నాకు నచ్చనిది ఒకటే. ఇద్దరూ తాగుతారని ముందే అనుకుంటారు. నేను తాగను. ఒకసారి తెలిసినవాళ్లింట్లో వైన్ సాస్ వడ్డించి, మరిగింది కదా, ఆల్కహాల్ అంతా ఎగిరిపోయిందిలే అన్నారు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం పావుగంట మరిగినా 40 శాతం మిగిలే ఉంటుంది, రెండున్నర గంటలు ఉడికినా 5 శాతం. నాకు అక్కర్లేదని చెప్పాక, నా కంచంలోకి ఎందుకు రావాలి? ముందు అడగండి, అంతే.

ఎర్రద్రాక్ష:
ఇక్కడ అడిగింది వైన్ గురించి. తాగనివాళ్లకి ఈ చర్చలో పనేముంది?

తెల్లారిందిలే:
అదేం మాటండీ? ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? మీరు అందరినీ తరిమేస్తే చివరికి మీరూ మీ సర్టిఫికెట్టే మిగులుతారు. నీళ్ళచెంబు గారూ, ఉండండి, వెళ్లకండి.

సగంగ్లాసు:
కొవ్వొత్తులు వాసన లేనివి పెట్టండి. మల్లెపూల వాసన కొవ్వొత్తి ముందు పినోనీ టీనీ ఒకటే. ఎంత ముందు తెరవాలన్నారుగా, ఉత్తి కార్క్ తీసి ఉంచితే ఉపయోగం లేదు. సీసా మూతి రూపాయి బిళ్లంత కూడా ఉండదు, గాలి ఏం తగులుతుంది? నేరుగా గ్లాసులో పోయండి, అక్కడే తేరుకుంటుంది.

మొదటిగుటక:
అందరికీ నమస్కారం, నిన్న రాత్రి అయిపోయింది. పినో న్వార్ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. కార్క్ సగంలో విరిగింది. మిగతా సగాన్ని గరిటె కాడతో లోపలికి తోసేశాను. ముక్కలు తేలుతుంటే కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి జగ్గులో పోశాను. ఆవిడ చూసి, అబ్బో, వైన్ పోసే గాజు కూజా, డికాంటర్ కూడానా అంది. నేను అవునన్నట్టు తలూపాను. చేప ఒక వైపు కాస్త ఎక్కువ వేగింది, ఆ వైపు నేను తిన్నా. ఇనప మేకు మాత్రం తగల్లేదు. పోర్ట్ ఇద్దరం ఒక్కో గుటక వేసి, చాలా తియ్యగా ఉందని పక్కన పెట్టి, కేక్‌ని కాఫీతో తిన్నాం. ఆస్పరాగస్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఒక్కటే, పినో ఇంకా చల్లగా కావాలని ఆవిడ గ్లాసులో రెండు ఐస్ ముక్కలు వేసుకుంది.

ఎర్రద్రాక్ష:
ఐస్ ముక్కలా??

చల్లగాలి:
ఎన్ని డిగ్రీలకి దిగిందో కొలిచారా?