ఆదివారం టిఫిన్ అందరం కలిసి కూర్చుని తినాలంటే ఏం చేస్తారు?

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఆరుగురం. అత్తయ్య, మామయ్య, మావారు, నేను, తొమ్మిదో తరగతి అబ్బాయి, నాలుగో తరగతి అమ్మాయి. మిగతా రోజుల్లో ఎవరి టిఫిన్ వాళ్లదే. మావారు ఆఫీసు క్యాంటీన్‌లో తింటారు. పిల్లలు స్కూల్ బస్సు హారన్ వినపడగానే సగం బ్రెడ్డు నోట్లో కుక్కుకుని పరిగెడతారు. మామయ్యకి ఎనిమిదింటికల్లా రాగి జావ పడిపోవాలి. అందుకని ఆదివారం ఒక్కరోజైనా తొమ్మిదింటికి హాల్లో చాప వేసుకుని అందరం కలిసి తిందామని అనుకున్నాం.

చాప వేశాం. కూర్చున్నారు, నేను తప్ప. మావాళ్లకి ఆదివారమంటే అట్లే. పెసరట్టు, లేదంటే మినపట్టు. మామయ్యకి పెనం మీంచి నేరుగా పళ్లెంలో పడాలి, రెండు నిమిషాలు ఆగితే "చల్లారిపోయిందమ్మా" అంటారు. అబ్బాయికి నెయ్యి కారం దోసె. అమ్మాయికి ఉల్లిపాయ కంటికి కనపడకూడదు. అత్తయ్యకి అల్లం, జీలకర్ర దండిగా ఉండాలి. అందరికీ వేసేసరికి పదిన్నర. నేను పళ్లెం పట్టుకుని వచ్చేవేళకి హాల్లో టీవీ తప్ప ఎవరూ ఉండరు. చట్నీ గిన్నె గీరితే ఇంకో చెంచాడు వస్తుందేమో. అసలు బాధ తిండి గురించి కాదు. లోపల కబుర్లు నడుస్తుంటాయి, అందరూ ఒక్కసారిగా నవ్వుతారు, నేను వంటింట్లోంచి "ఏంటీ?" అని అరిస్తే "ఏం లేదులే, ఇంకోటి పట్టుకురా" అంటారు.

మావారు సాయం చేయరని కాదు. చట్నీ ఆయనదే, ఫిల్టర్ కాఫీ డికాషన్ ఆయనదే. అట్టు మాత్రం ఆయన వేస్తే పిండంతా గరిటెకి చుట్టుకుంటుంది.

దయచేసి ఇడ్లీ అని మాత్రం చెప్పకండి. మా ఇంట్లో అది జ్వరమొచ్చినవాళ్ల తిండి. ఉప్మా అంటే పిల్లల మొహాలు చూడలేం. పూరీకి నేను మళ్లీ పొయ్యి దగ్గరే ఉండాలి. ఒకేసారి అయిపోవాలి, వేడిగా ఉండాలి, ఆదివారం అనిపించాలి. అలాంటిది ఏమైనా ఉందా? శనివారం రాత్రి పని ఎంతున్నా ఫర్వాలేదు.

గోదారి పిన్ని:

దిబ్బరొట్టె వెయ్యమ్మా. ఇంకో ఆలోచన పెట్టుకోకు. మా పాలకొల్లు వైపు ఇళ్లలో దీనికున్న మర్యాద అట్టుకి లేదు.

గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఆరుగురికి రెండు రొట్టెలవుతాయి. పప్పు శనివారం రాత్రి నానేసి పడుకో. పొట్టు పప్పైతే రుచి ఇంకా బాగుంటుంది, కడిగే ఓపిక ఉంటే. పొద్దున్నే రవ్వ రెండుమూడుసార్లు కడిగి నానబెట్టు. పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు చూసి చూసి పొయ్యి, పిండి గారెల పిండి కన్నా కొంచెమే జారుగా ఉండాలి. రవ్వని గట్టిగా పిండి అందులో కలిపి, ఉప్పూ జీలకర్రా వెయ్యి. పులియబెట్టే పని లేదు. పులిస్తే కమ్మదనం పోతుంది, మీవాళ్లు మళ్లీ ఇడ్లీ అంటారు.

మందపాటి ఇనప మూకుడు పెట్టి, నూనె ధారాళంగా పోసి కాగనివ్వు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పిండి రెండు వేళ్ల మందాన పరిచి, మూత పెట్టి, మంట బాగా తగ్గించెయ్. ఇంక నీకు వంటింట్లో పని లేదు. ఇరవై నిమిషాల దాకా మూత తీసి చూడకు. అంచులు ఎర్రబడి మూకుడుని వదులుతాయి, పైన తడి ఆరుతుంది. అప్పుడు తిరగేసి, చుట్టూ ఇంకో చెంచా నూనె వేసి ఏడెనిమిది నిమిషాలు ఉంచు. మా అమ్మ కుంపటి మీద కాల్చేది, మూత మీద కూడా నిప్పులు పోసేది. పైనా కిందా ఒకేసారి కాలేది కాబట్టి తిరగేసే పనే ఉండేది కాదు. గ్యాసు మీద ఆ రుచి పూర్తిగా రాదు గానీ, ముప్పాతిక వంతు వస్తుంది, చాలు.

రెండు పొయ్యిల మీద రెండు మూకుళ్లు పెట్టావంటే తొమ్మిదింటికి రెండూ దిగిపోతాయి. చాకుతో ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి చాప మధ్యలో పెట్టు. ఇంత మందాన ఉంటుంది కనక వేడి త్వరగా పోదు, మీ మామగారికి పేచీ ఉండదు. పక్కన అల్లం పచ్చడి, చెరకు పానకం. పానకంలో ముంచుకుని తినడం పిల్లలకి నువ్వు నేర్పక్కర్లేదు. అడుగు చెక్కు ఎవరికి ఎక్కువ వచ్చిందని పోట్లాడుకుంటారు, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

కర్నూలు కుర్రోడు:

అక్కా, ఉగ్గాని. పావుగంటలో అయిపోతుంది, రుబ్బేది లేదు, నానబెట్టేది లేదు. మీ వైపు మరమరాలంటారే, మేం బొరుగులంటాం. నీళ్లలో వేసి, మెత్తబడగానే పిండి పక్కన పెట్టుకో. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నూరిన ముద్ద, టమాటా, పసుపు. బొరుగులు వేసి కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లు. పుట్నాలతో పాటు ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు కూడా పొడి కొట్టుకుంటే వేరే లెక్క. నిమ్మకాయ పిండి పెద్ద గిన్నెతో అట్లే హాల్లోకి పట్టుకుపో.

అయితే కర్నూలులోనైనా అనంతపురంలోనైనా పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని టిఫిన్ అనరు. బజ్జీలు మా బావగారికి అప్పజెప్పు. శనగపిండిలో ముంచి నూనెలో వేయడమే, మడతపడే గొడవ ఉండదు.

ఓరుగల్లు బిడ్డ:

సర్వపిండి అని ఎవరైనా చెప్తారేమో, ముందే చెప్తున్న, అప్పటికప్పుడు ఆరుగురికి కాదు. గిన్నె చల్లారితే తప్ప రెండోది ఒత్తలేం, చెయ్యి కాలుద్ది. మా వరంగల్ల గిన్నప్ప అంటం దాన్ని. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కారం కలిపి గిన్నె లోపల ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె వేస్తం. కానీ ఒక సంగతి. సర్వపిండి చల్లారినా బాగుంటది. శనివారం సాయంత్రమే చేసి పెట్టుకుంటే ఆదివారం పొద్దున చాయ్‌తోని తినొచ్చు. మీ మామయ్య మాత్రం ఒప్పుకోడు, వదిలెయ్యండి.

డల్లాస్ నుంచి:

నేను పెనాన్నే టేబుల్ దగ్గరికి తెచ్చుకున్నాను. కరెంటు మీద నడిచే పలక పెనం ఒకటి కొన్నాం, దాని మీద ఒకేసారి మూడు చిన్న అట్లు పడతాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు చల్లుకుంటారు. పిల్లలు వేసినవి ఏ ఆకారంలో వచ్చినా వాళ్లవి వాళ్లే తింటారు, వంక పెట్టరు. చాప మీద కుదరదు, వైరు కాళ్లకి తగులుతుంది, టేబుల్ ఉండాలి.

చలిదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఇంకో మాట. మా దగ్గర జనవరిలో మినప్పిండి రాత్రంతా బయట పెట్టినా పొంగదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు ఒక్కటే వేసి గిన్నె అందులో పెడితే పొద్దున్నకి పొంగుతుంది. కింద పళ్లెం పెట్టండి, పొంగిపోతే కడగలేరు. పెసరట్టుకి ఈ టెన్షన్ లేదు, పులియక్కర్లేదు కాబట్టి.

రిటైరైన తాత:

అమ్మా, మీ మామగారి వయసువాణ్ణి కనక చనువుగా చెబుతున్నాను. వేడివేడిగా కావాలనేవాడి చేతికే గరిటె ఇవ్వాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ అలాగే కూర్చుని అడిగేవాణ్ణి. రిటైరయ్యాక మా ఆవిడ గరిటె నా చేతికిచ్చి పేపరు తను తీసుకుంది. ఇప్పుడు ఆదివారం పెసరట్లు నావే, ఆవిడ "ఇంకాస్త ఎర్రగా" అంటుంది.

మీవారికి పిండి గరిటెకి చుట్టుకుంటోందంటే పెనం మరీ కాలిపోతోందన్నమాట. పిండి వేసేముందు నీళ్లు చిలకరించి, గుడ్డతో తుడిచి, మంట తగ్గించి తిప్పమనండి. తిప్పాకే మంట పెంచాలి. పెసర్లతో పాటు గుప్పెడు బియ్యం కూడా నానేస్తే అట్టు విరగకుండా లేస్తుంది. సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి అట్టుకీ అట్టుకీ మధ్య పెనం మీద రుద్దమనండి.

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ చాలా థాంక్స్. తాతగారూ, మీరు రాసింది మామయ్యకి చదివి వినిపించాను. "ఆయనకి మోకాళ్ల నొప్పుల్లేవేమో కనుక్కో" అన్నారు. నీళ్ల చిట్కా మాత్రం మావారు నిన్న రాత్రే ప్రయత్నించారు, ఒకటి గుండ్రంగానే వచ్చింది, ఫొటో కూడా తీసుకున్నారు. బజ్జీల సంగతి ఇంకా ఆయన దగ్గర ఎత్తలేదు. ఉగ్గాని మధ్యలో ఏదో ఒక సెలవు రోజున చేస్తాను.

ఈ ఆదివారానికి దిబ్బరొట్టె ఖాయం. పిన్నీ, రెండు సందేహాలు. మా గ్యాస్ పొయ్యి రెండు బర్నర్లదే, ఒకదాని మీద కాఫీకి పాలు ఉంటాయి. రెండో రొట్టె ఇండక్షన్ మీద వేయొచ్చా? పిల్లల ముక్కల్లో జీలకర్ర లేకపోతే ఏమైనా తేడానా?

గోదారి పిన్ని:

జీలకర్ర లేకపోతే మునిగిపోయేదేం లేదు, పిల్లల పిండి విడిగా తీసి పెట్టుకో. ఇండక్షన్ మీద ఇనుము పనిచేస్తుంది గానీ మూకుడు అడుగు గుండ్రంగా ఉంటే కుదరదు, చదునుగా ఉండాలి. మా కోడలు మందపాటి అడుగున్న స్టీలు కుక్కర్‌లో, విజిల్ తీసేసి, రబ్బరు పెట్టకుండా మూత ఊరికే పైన పెట్టి వేస్తుంది. బాగానే వస్తుంది. మంట అన్నిటికన్నా తక్కువలో పెట్టు, లేకపోతే అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. అనుమానముంటే చీపురు పుల్ల కాదు, శుభ్రమైన చాకు మొన మధ్యలో గుచ్చి చూడు, పిండి అంటకపోతే దించెయ్. పాలు ముందే కాచి ఫ్లాస్కులో పోసుకుంటే రెండో బర్నర్ కూడా ఖాళీయే కదమ్మా.