దసరా నాటిక: గోల్కొండ ముట్టడి, ఎవరికి ఏ పని

నాటిక బృందం, హైదరాబాద్ నుంచి:
అందరికీ నమస్తే. సెలవులకు ఇంటికొచ్చాను కదా, నిన్న పిల్లల్ని గోల్కొండ ఎక్కించాను. దిగుతుంటే ఒకటే అనిపించింది: మన నాటిక కోట పడిపోయిన రాత్రితో మొదలవకూడదు. 1687 సెప్టెంబరులో లంచం తిన్న సర్దారు తలుపు తీయించాకే ఔరంగజేబు సైన్యం లోపల అడుగుపెట్టింది. అంతకుముందు ఎనిమిది నెలలు, లోపలున్న కొద్దిమందే ఆ మహా సైన్యాన్ని ఆపారు. మెల్‌బోర్న్‌లో పుట్టిన మన పిల్లలకు ఆ ఎనిమిది నెలలు తెలియాలి.

మందుపాతరల రంగం ఒక్కటి గట్టిగా చేస్తే చాలు. మొఘలులు గోడ కిందికి సొరంగాలు తవ్వి మందు దట్టించారు. కోటవాళ్లు పసిగట్టి, లోపలి నుంచి ఎదురు తవ్వి, మందు కొంత తోడేసి, నీళ్లు పోశారు. తీరా నిప్పంటిస్తే, పేలుడు దాడికి కాచుకున్న మొఘల్ దండు మీదికే తిరిగింది. ఆ పొగలోనే లోపలివాళ్లు బయటికొచ్చి విరుచుకుపడ్డారు. పట్టుబడ్డ సర్దార్లకు తానీషా ధాన్యపు కొట్లు చూపించి, మర్యాద చేసి వెనక్కి పంపాడట. బయట దండులో కరువు! ఈ ముక్క తప్పక ఉండాలి.

డైలాగుల్లో కోట ద్వారాన్ని 'ఫతే దర్వాజా' (విజయ ద్వారం) అనొద్దు, అది మొఘలులు గెలిచాక వచ్చిన పేరు.

దుస్తుల బాధ్యత:
అన్నా, పిల్లలు 'చివరికి ఓడిపోయారుగా' అంటే ఏం చెప్పాలి? పాగాలు ఎన్ని కావాలి?

నాటిక బృందం:
వదినా, తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ సంగతి చెప్పండి. తలుపు తెరుచుకున్నాక కూడా గుప్పెడు మందితో ఎదురెళ్లాడు. ఒంటి మీద దాదాపు 70 గాయాలని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఔరంగజేబే వైద్యుల్ని పంపాడు. ఆయన పాత్రకు మాటలు తక్కువ పెడుతున్నాను, నిలబడటమే చాలు.

పాగాలు పద్నాలుగు. లాడ్ బజార్‌లో జరీ అంచు చూసి రేపు ఫొటోలు పెడతాను. ఫిరంగి కొనొద్దు, అట్టతో చేద్దాం.

కోట కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది కదా. హాల్లో చివరి వరుస పిల్లలు మూడుసార్లు చప్పట్లు కొడతారు, వేదిక మీద కాపలావాడు లేస్తాడు. ఆ వరుసను ఎవరు చూసుకుంటారు? నా పెట్టెలో ఐదు కిలోలే ఖాళీ, వచ్చే వారం బయల్దేరేవాళ్లు ఎవరైనా పాగాలు తేగలరా?